మొదటి ఆప్షన్

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే బస్సు ఊరు దాటకముందే ఎడమచేతి పక్క ఒక ఫ్లెక్సీ కనిపించేది. అందులో మా అన్న కూతురు రెండు జడలూ ముందుకు వేసుకుని, ఫోటో తీసేవాడు నవ్వమన్నందుకు నవ్వి ఉండేది. కింద ప్రవేశ పరీక్షలో దాని ర్యాంకు, పిల్ల పేరుకన్నా పెద్ద అక్షరాల్లో. ఆ ర్యాంకు కన్నా పెద్ద అక్షరాల్లో మా కాలేజీ పేరు. ఎండకు రంగు వెలిసిపోయి, గాలికి ఒక మూల చిరిగి వేలాడుతున్నా కాలేజీవాళ్లు దాన్ని తీయలేదు. ఆ దారిన పోవలసి వచ్చినప్పుడల్లా నేను కుడిపక్క సీటు వెతుక్కునేదాన్ని. ఆ ర్యాంకుతో ఆ పిల్లకు ఏం దక్కిందని ఫ్లెక్సీ కట్టించినవాళ్లలో ఒక్కరూ నన్ను అడగలేదు.

మా కాలేజీ అన్నానుగాని అది నాదేమీ కాదు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం నాది. మా పుట్టిల్లు పెద్దకడుబూరు దగ్గర పల్లె. అన్న అక్కడే పత్తి, వేరుశనగ వేస్తాడు. సొంత చేను కొంచెం, గుత్తకు చేసేది ఎక్కువ. పదో తరగతి కాగానే కూతుర్ని తెచ్చి ఎమ్మిగనూరులో నా దగ్గర పెట్టాడు. ఇంటర్ రెండేళ్లూ నా ఇంట్లోనే ఉండి, నా క్లాసులోనే కూర్చుని చదివింది. ఇంట్లో నన్ను అత్తా అనేది, క్లాసులో మేడం అనేది, కోపం వస్తే రెండు చోట్లా ఏమీ అనేది కాదు.

దానికి సివిల్ ఇంజనీరింగ్ కావాలి. ఇంకేదీ వద్దు. ఎందుకో తెలియాలంటే మా చేలదాకా రావాలి. తుంగభద్ర దిగువ కాలువ మా పక్కగానే పోతుంది. మావాళ్లు ఎల్లెల్సీ అంటారు. కాగితాల్లో మా చేలన్నీ దాని ఆయకట్టే. కాలువకు నీళ్లు వదిలారని పేపర్లో ఫోటోతో సహా పడుతుంది, పై ఊళ్లలో వరి నాట్లు కూడా పడతాయి, మా పిల్లకాలువలో మాత్రం సర్కారు తుమ్మ మొలుస్తుంది, మేకలు దిగి మేస్తాయి. చివరి మడికి నీళ్లు ఎక్కడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పిల్ల హైస్కూల్లో ఉండగా ఒక సెలవునాడు వాళ్ల నాయన వెంట కాలువ గట్టు పట్టుకుని తూము దాకా నడిచి వచ్చింది. వచ్చి, "వాలే లేదత్తా. మన చేను కాడికి వచ్చేతలికి కాలువే ఎత్తు మీద ఉండాది. దీన్ని ఎవురు కొలిచినారో ఏమో," అంది. అప్పటినుంచి అదే పట్టు.

ర్యాంకు వచ్చిన రోజునుంచి ఆ పట్టు వదిలించడానికి మనుషులు వరుసకట్టారు. వాళ్లది కటాఫ్ లెక్క. ఏ డిగ్రీలో సీట్లు ఏ ర్యాంకు దగ్గర అయిపోతాయో చూసి, దాన్నిబట్టి ఆ డిగ్రీకి విలువ కడతారు. తొందరగా అయిపోయేది గొప్ప చదువు, చివరిదాకా మిగిలేది పనికిమాలిన చదువు. అందులో ఏం నేర్పుతారని ఒక్కరు అడిగితే ఒట్టు. మా ప్రిన్సిపాల్ అయితే నన్ను గదిలోకి పిలిచి మరీ చెప్పాడు.

"ఇంత మంచి ర్యాంకు పెట్టి సివిలా మేడం? కంప్యూటర్స్‌కి పోవచ్చు కదా. ర్యాంకంతా వేస్టవుతుంది."

వాళ్ల దృష్టిలో ర్యాంకు అంటే సంతకు తీసుకుపోయిన డబ్బు. అంతా ఖర్చుపెట్టి రావాలి, మిగిల్చుకుని వస్తే తెలివితక్కువతనం. "ఎవరికి వేస్టు సార్?" అని అడిగాను. ఆయన నవ్వాడు. ఫ్లెక్సీ మీద కంప్యూటర్స్ సీటు అని రాస్తే వచ్చే ఏడు నలుగురు పిల్లలు ఎక్కువ చేరతారు, సివిల్ అని రాస్తే చేరరు. అదీ ఆయన బాధ. ఇంటికి వచ్చి నేను కోపంతో గిన్నెలు ఎత్తి పడేస్తుంటే పిల్లే నన్ను సముదాయించింది.

నిరుటి కటాఫ్‌లు నేనూ చూశాను. నాకు కావలసింది ఒకటే. యూనివర్సిటీ సొంత క్యాంపస్ కాలేజీలో సివిల్ సీటు నిరుడు ఏ ర్యాంకు దాకా వచ్చింది? మా పిల్ల ర్యాంకు దానికి చాలా ముందుంది. సర్కారు కాలేజీ, లోపలే హాస్టలు, మంచి ప్రొఫెసర్లు. గొప్ప సాహసం చేసి సంపాదించాల్సిందేమీ లేదు, అడిగితే వచ్చే సీటు. అడగడం ఒక్కటే మిగిలింది.

ఆ అడగడానికి ఒక షెడ్యూలు ఉంటుంది. వెబ్ ఆప్షన్లు ఫలానా రోజునుంచి ఫలానా రోజుదాకా పెట్టుకోవచ్చని ప్రకటిస్తారు. ప్రకటించారు. నేను సెలవు పెట్టి ఊరికి పోయి కూర్చున్నాను. వాయిదా వేశారు. మళ్లీ తేదీలు ఇచ్చారు. మళ్లీ సెలవు పెట్టాను. మళ్లీ వాయిదా. ఎందుకని ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరం వాళ్లకు కనబడదు. ఎక్కడో పెద్ద ఆఫీసులో ఒక మనిషి ఒక తేదీ కొట్టేసి ఇంకో తేదీ వేస్తాడు. ఇక్కడ కూలికి పోయేవాళ్లు ఒక రోజు కూలి, ఉద్యోగం చేసేవాళ్లు ఒక రోజు సెలవు పోగొట్టుకుంటారు. మూడోసారి తేదీలు వచ్చేసరికి నా సెలవులు అయిపోయాయి. పైగా అప్పుడు మాకు అడ్మిషన్ల డ్యూటీ. ప్రైవేటు కాలేజీలో పనిచేసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. చేరని పిల్లల కోసం లెక్చరర్లే కరపత్రాలు పట్టుకుని ఊరూరూ, గడప గడపా తిరగాలి. ఒక్కరోజు వదిలిపెట్టమని ప్రిన్సిపాల్‌ను అడిగాను.

"మీ మేనకోడలి ర్యాంకు చెప్పుకునే కదా మేడం మనం తిరుగుతున్నది. అత్త మీరే రాకపోతే ఎట్లా?" అన్నాడు.

పిల్ల అప్పటికి పల్లెకు వెళ్లిపోయింది. అంతకుముందే ఇద్దరం కూర్చుని ఆప్షన్లు ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టుకున్నాం. కంప్యూటరు ఆ వరసను పైనుంచి చూసుకుంటూ వస్తుంది. ర్యాంకుకు మొదట ఏది అందితే అది ఇచ్చేసి, దాని కిందవి ఇంక చూడదు. అందుకే అన్నిటికన్నా కావలసింది అన్నిటికన్నా పైన ఉండాలి. పిల్లకు ఇది బాగా తెలుసు. మొదటి వరసలో క్యాంపస్ సివిల్ రాసింది. తర్వాత వేరే సర్కారు కాలేజీల్లో సివిల్. ఏదీ రాకపోతే చేతులు ఊపుకుంటూ ఇంటికి రాకూడదని, అట్టడుగున ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్స్. దాన్ని రాసేటప్పుడు కూడా మొహం చిట్లించింది.

ఆప్షన్లు తెరిచిన రోజునే మా పల్లెలో వాన పడింది. మంచి పదును. ఆ పదునులో గింజ పడకపోతే మళ్లీ వాన ఎప్పుడో తెలియదు కాబట్టి ఊరంతా చేలల్లో ఉంది. కూలోళ్లు దొరక్క వదిన, పిల్ల ఇద్దరూ పత్తి గింజలు పెట్టడానికి పోయారు. ఓటీపీ వచ్చేది అన్న ఫోనుకు. ఆదోనిలో నెట్ సెంటర్ అతన్ని అడిగితే ఫోను ఉంటే చాలు, పిల్ల రావలసిన పనిలేదన్నాడట. అన్న ఆ కాగితం జేబులో పెట్టుకుని ఒక్కడే ఆదోని పోయాడు.

ఆ పొద్దు నేను మాధవరం వైపు ఊళ్లలో కరపత్రాలు పంచుతున్నాను. సాయంత్రం ఫోను చేశాను.

"అయిపోయిందిలే అమ్మీ. పాప రాసిందాంట్లో ఒక్కటి కూడా ఇడ్సలేదు, అన్నీ పెట్టిస్తి. నువ్వేం దిగులు పడొద్దు," అన్నాడు అన్న. గొంతులో ధీమా. అది అబద్ధం కూడా కాదు. ఒక్కటి కూడా వదల్లేదు.

సీట్ల కేటాయింపు వచ్చిన రోజు నేను పల్లెకు పోయేసరికి ఇంటిముందు చెప్పుల కుప్ప. అన్న ఆదోని నుంచి స్వీటు పెట్టెలు తెప్పించాడు. వదిన అందరికీ పంచుతోంది. ఎదురింటి ముసలాయన నన్ను చూసి, "కంప్యూటర్లంట గదమ్మా. పాప అడిగిండేదానికన్నా పెద్దదే ఇచ్చినారంట," అన్నాడు. నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. లోపలికి పోతే పిల్ల విత్తనాల మూటల పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో ఫోను. నాకు అందించింది. అట్టడుగున రాసుకున్న ఆ ప్రైవేటు కాలేజీ, కంప్యూటర్స్.

"పైవన్నీ అందలేదా?" అన్నాను. అందకపోవడానికి వీల్లేదు. పెట్టిన ఆప్షన్ల ప్రింటు గూట్లో ఉంటే తీసి చూశాను. మొదటి వరసలో ప్రైవేటు కాలేజీ. చివరి వరసలో క్యాంపస్ సివిల్. పిల్ల రాసిన వరస మొత్తం తలకిందులుగా ఎక్కింది, ఒక్క తప్పు లేకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. వాకిట్లో జనం ఉన్నారని కూడా చూసుకోలేదు. స్వీటు పెట్టె చేతిలో పట్టుకుని ఉన్న అన్నను నిలబెట్టి అడిగాను, ఎవరు తిప్పమన్నారని. అందరూ పంచుకుంటున్న నవ్వులు ఆగిపోయాయి. అన్న నా మొహమే చూశాడు. అతనికి నా కోపం అర్థం కాలేదు.

"ఏందమ్మీ నువ్వనేది. కావల్సింది యాడన్నా ముందే చెప్తారా? ముందే చెప్తే పక్కనోడు దాని మీదికే వస్తాడు గదా. కిందనించి ఒక్కొక్కటే పాడుకుంటా పోయి ఆఖర్న మన మాట చెప్పల్ల. ఆఖరి మాటే గదా నిలబడేది. అందుకే పాప రాసిండేదాన్ని కిందనించి పైకి పెట్టిస్తి."

ఇక్కడ మా అన్న గురించి ఒక సంగతి చెప్పాలి. మా ఊరి గుడికి మాన్యం ఉంది. ప్రతి ఏడూ వానలకు ముందు దాన్ని గుత్తకు ఇవ్వడానికి చావడిలో వేలం పాడతారు. ఆ పాటలో మా అన్నను మించినవాడు చుట్టుపక్కల ఊళ్లలో లేడు. తక్కువనుంచి మొదలుపెడతాడు, మధ్యలో బీడీ వెలిగించుకుంటాడు, లేచిపోతున్నట్టు తువ్వాలు దులుపుతాడు. అతనికి ఆ చేను కావాలో వద్దో చివరి మాటదాకా ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి ఆ మాన్యం అతని చేతిలోనే ఉంది. సర్కారు కాలేజీ సీట్లకు జిల్లాలన్నీ పోటీ పడతాయని మేమే అతనికి పదిసార్లు చెప్పాం. అతను తనకు తెలిసిన పోటీ తెలివినంతా తీసి కూతురి కోసం ఖర్చుపెట్టాడు.

"మొదటి పాటకే కొట్టేసినారు సర్కారోళ్లు," అన్నాడు మళ్లీ, ఈసారి నెమ్మదిగా. "ఒకటోసారి లేదు, రెండోసారి లేదు. ఇదేం పాటమ్మీ?"

"ఇది పాట కాదన్నా," అన్నాను.

"మల్ల ఏంది?"

ఒక సీటు మీదికి అంతమంది వస్తారు, ఎవరు ఎంత పట్టుకొచ్చారో చూస్తారు, గడువు పెడతారు, కొట్టేస్తారు. పాట కాకపోతే మరేంది? చావడిలో అయితే పాట మొదలయ్యే ముందు షరతులు అందరికీ అర్థమయ్యేట్టు గట్టిగా చదివి వినిపిస్తారు. ఆ మర్యాద కూడా ఇక్కడ లేదు. అన్న చేతిలో స్వీటు పెట్టె వదిన తీసుకుపోయింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కున్నారు.

మర్నాడు నేనూ పిల్లా ఆదోని పోయాం. ముందు నెట్ సెంటర్‌కే పోయాను. అతను స్క్రీన్ మీదనుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"మీ అన్న ఎట్ల చెప్తే అట్ల కొట్టినా మేడం. నేనేం సొంతంగా మార్చలేదు."

"కావలసింది పైన పెట్టాలని నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు? తెలుసు."

"తెలిసి చెప్పలేదా?"

"ఎవురి ఇష్టం వాండ్లది. అడిగితే చెప్తా. అడగంది నేనెందుకు చెప్పల్ల? బయట లైను సూడండి ఎంతుందో."

ఇప్పటికీ అతని మీద నాకున్న కోపం తగ్గలేదు. అతను మోసం చేయలేదు, చెడగొట్టాలనీ అనుకోలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. పెద్దాయనా, ఇది తిరగేసి ఉందే అని ఒక్క మాట. ఎవరో ఒక పిల్ల నాలుగేళ్ల చదువు, ఆ తర్వాత దాని బతుకు, ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఉంటే, ఇతను అడగలేదు కాబట్టి చెప్పలేదు. నేను అక్కడ ఏమేమి అన్నానో రాయను. లైనులో నిలబడ్డవాళ్లంతా తలలు లోపలికి పెట్టి చూశారు. పిల్ల నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

తర్వాత కౌన్సెలింగ్ సహాయ కేంద్రానికి పోయాం. గోడకు షెడ్యూలు అంటించి ఉంది. రెండుసార్లు కొట్టేసి మూడోసారి వేసిన తేదీలు. అక్కడ బల్ల వెనక కూర్చున్నాయన మా ప్రింటు అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చాడు.

"మార్పులకు గడువు అయిపోయిందమ్మా. మీరు ఏది ముందు పెట్టినారో అదే ఇచ్చినాం. దాంట్లో తప్పేముంది?"

"మా అన్నకు ఎవరూ చెప్పలేదు సార్."

"సూచనలన్నీ వెబ్‌సైట్లో ఉండాయి. చదువుకోవల్ల."

ఆ సూచనలు నేను చదివాను. పేజీలకు పేజీలు, అన్నీ ఇంగ్లీషు. ఈ వరస సంగతి ఎక్కడో మధ్యలో, చిన్న అక్షరాల్లో, రెండు వాక్యాలు. తెలుగు చదవడమే కష్టంగా వచ్చిన మనిషి అది చదివి తెలుసుకోవాలట. ఆ మాటే అన్నాను. ఆయన నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు.

"లెక్చరర్ అంటాండారు. ఊరందరికీ చెప్పేటోళ్లు, ఇంట్లోవాండ్లకు చెప్పుకోలేదా?"

"చెప్పడానికి మూడుసార్లు సెలవు కావాల్సి వచ్చింది సార్, నాకు రెండే ఉన్నాయి," అన్నాను. "మీరు చెప్పిన రోజుకు మీరు తెరిచి ఉంటే నేను అక్కడే ఉండేదాన్ని. మా గడువు ఒక గంట దాటితే ఒప్పుకోరు. మీ గడువు రెండుసార్లు దాటితే మేమేం చేయాలి, అది కూడా మీ సూచనల్లో ఉందా?"

ఆయన ఫోను తీసుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. అవతల ఎవరూ లేరని నాకు తెలుసు. మేం బయటికి వచ్చేశాం. బస్టాండులో పిల్ల నాకు నీళ్ల సీసా కొనిచ్చింది. నేను తాగుతుంటే చూసి, "అత్తా, నాయన్ను మల్ల ఏమీ అనాకు," అంది. అన్నను అది ఒక్క మాట కూడా అనలేదు. అలాగని మాట్లాడనూ లేదు.

రెండో విడత ఉంటుంది. ఈసారి నా ముందే, అన్న ఫోను దగ్గర పెట్టుకుని, పిల్ల తన చేత్తో ఒకే ఒక్క ఆప్షన్ పెట్టింది. క్యాంపస్ సివిల్. ఇంకేదీ పెట్టలేదు. పాత సీటే ఉంటుందని సందేశం వచ్చింది. అక్కడ మిగిలిన సీట్లు లేవు, మొదటి విడతలోనే నిండిపోయాయి. చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో తర్వాత జాబితాలో చూశాను. మా పిల్లకన్నా ఎంతో వెనక ఉన్న ర్యాంకు. ఆ పిల్లవాడెవరో నాకు తెలియదు, అతని మీద నాకు ఏ కోపమూ లేదు. హాయిగా చదువుకోనీ. అది మా పిల్ల వదిలిపెట్టిన సీటు కాదు. దాని చేతిలోంచి జారిపోయిందని దానికి తెలిసేలోపే ఇంకొకరి చేతిలో పెట్టేశారు. నా కోపం అక్కడ.

మళ్లీ ఏడాది పరీక్ష రాస్తానని పిల్ల అంది. ఇచ్చిన సీటు పోతే ఫీజు రీయింబర్స్‌మెంటు ఎట్లా అవుతుందో, వచ్చే ఏడు ర్యాంకు ఎట్లా వస్తుందో అని వదిన భయపడింది. చుట్టాలందరూ వదిన వైపే. కంప్యూటర్స్ వద్దనేవాళ్లు ఉంటారా అని నవ్వారు. నేను ఒక్కదాన్ని అరిచి లాభం లేకపోయింది. కర్నూలు అవతల హైవే పక్కన ఉన్న ఆ కాలేజీలో దాన్ని చేర్పించి వచ్చాం. దారంతా అన్న డ్రైవరు పక్కన కూర్చున్నాడు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

చేరిన వారానికి పిల్ల నాకు క్లాసుల టైంటేబుల్ ఫోటో పంపింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్ని గళ్లూ నిండి ఉన్నాయి, ల్యాబులు, కోడింగు, మళ్లీ ల్యాబులు. ఒక మధ్యాహ్నం మాత్రం ఇంజనీరింగ్ డ్రాయింగు. మొదటి ఏడాది అందరికీ ఉండేదే. ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, "అత్తా, గీతలు గీసేది ఇదొక్కటే," అని రాసింది.

ఏడాది తిరిగింది. మళ్లీ అడ్మిషన్ల డ్యూటీ. ఈసారి కరపత్రం వెనక మా కాలేజీవాళ్లు నిరుటి కటాఫ్‌లు అచ్చు వేయించారు, ఏ డిగ్రీకి ఎంత ర్యాంకు వస్తే చాలో అని. పెద్దకడుబూరు దగ్గరే ఒక ఊళ్లో ఒక రైతు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, క్యాంపస్ సివిల్ వరస మీద వేలు ఆనించి అడిగాడు.

"ఇంత ర్యాంకొస్తే చాలా మేడం? అయితే మావానికి గూడా వస్తాది గదా."

ఆ అంకె నిరుడు చివరి సీటు వచ్చిన ఆ పిల్లవాడిది. అందరూ అది సర్కారు నిర్ణయించిన కొలత అనుకుంటారు. అది కొలత కాదు. ముందు నిలబడాల్సినవాళ్లు ఎందుకో ఒకందుకు లేకపోయి, తర్వాతివాళ్లు ముందుకు జరిగితే తేలిన అంకె. అందులో మా పిల్ల లేదు. అట్లా ఇంకెంతమంది లేరో, ఎవరి నాయన ఎక్కడ ఏం పొరబడ్డాడో ఆ కరపత్రంలో ఉండదు. ఆ రైతును అరుగు మీద కూర్చోబెట్టి, ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలో కొడుకును కూడా పిలిచి చెప్పాను. ఆ ఊళ్లో గడప గడపకూ అదే చెప్పాను. మా కాలేజీ గురించి ఒక్క మాట చెప్పలేదు.

ఆ సంగతి ప్రిన్సిపాల్‌కు చేరింది. పిలిచి అడిగాడు. నేను కూడా ఒకటి అడిగాను, ఆ ఫ్లెక్సీ తీసేయమని. "మంచి ర్యాంకు మేడం, ఇంకో ఏడాది ఉండనీండి," అన్నాడు. ఇంటికి పోయి కూరగాయలు తరిగే కత్తి సంచిలో వేసుకుని వచ్చి, మధ్యాహ్నం నడిరోడ్డు మీద, ఆటోవాళ్లందరూ చూస్తుండగా తాళ్లు కోసేశాను. బరువుగా ఉంటుందనుకున్నాను, ఏమీ లేదు. చుట్టి ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. సంజాయిషీ అడుగుతూ కాలేజీ కాగితం ఇచ్చింది. దానికి నేను ఇంతవరకు జవాబు రాయలేదు.

ఆ ఏడు మాన్యం పాటకు నేను పల్లెలోనే ఉన్నాను. సెలవులకు పిల్ల కూడా వచ్చింది. దేవాదాయ శాఖ ఆఫీసరు చావడిలో కూర్చుని షరతులు చదివాడు. కాలువ ఆయకట్టు భూమి అని చదివాడు, ఆ లెక్కనే గుత్త మొదలవుతుందన్నాడు. ఆ చేనుకు కాలువ నీళ్లు ఎప్పుడు ఎక్కాయని అడిగేవాళ్లు లేరు. పాట మొదలైంది. ఇద్దరు ముగ్గురు పాడారు. అందరూ అన్న వైపు చూస్తున్నారు. అన్న చావడి స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. బీడీ వెలిగించలేదు, తువ్వాలు దులపలేదు. ఆఫీసరు ఒకటోసారి అన్నాడు.

"పాడప్పా, ఏంటికట్ల కూర్చున్నావు?" అన్నారు పక్కవాళ్లు.

"ఏ మాట ముందు చెప్పల్లనో, ఏది ఎనక చెప్పల్లనో నాకు తెలీలేదప్పా," అన్నాడు అన్న. ఎవరినీ ఉద్దేశించి అన్నట్టు లేదు. అంత తెలివైన మనిషిని అట్లా చేసి కూర్చోబెట్టినవాళ్లందరి మీదా నాకు మళ్లీ కోపం వచ్చింది. రెండోసారి అని వినబడింది.

ఆడవాళ్లం నిలబడ్డచోటు నుంచి పిల్ల ముందుకు పోయి అన్న పక్కన గొంతుక్కూర్చుంది. ఏడాదిగా వాళ్లిద్దరి మధ్య తిన్నావా, బస్సెక్కినావా తప్ప వేరే మాట లేదు.

"ఈడ నీ లెక్కే సరి నాయనా," అంది. "కొంచెం కొంచెమే ఎక్కిస్తా పో."

అన్న దాని వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, పైవాడి పాట మీద అతి తక్కువ పెంచి పాడాడు. చావడిలో నవ్వులు వినబడ్డాయి. అట్లా ఒక్కొక్క మెట్టే పోయి, చివరికి తువ్వాలు దులుపుకుని లేచినట్టే లేచి మాన్యం తనే దక్కించుకున్నాడు. ఊరంతా సంతోషించింది. పాత మనిషి మళ్లీ వచ్చినాడన్నారు. పిల్ల కూడా నవ్వింది.

సెలవులు అయిపోయి పిల్ల కాలేజీకి పోయింది. వానలు సరిగా పడలేదు. తర్వాత కాలువకు నీళ్లు వదిలారని పేపర్లో ఎప్పటిలాగే ఫోటో వచ్చింది. కొన్నాళ్లు చూసి అన్నకు ఫోను చేశాను. పై ఊళ్లలో నాట్లు పడ్డాయన్నాడు. మాన్యం చివరి మడికి చుక్క రాలేదన్నాడు. ఎందుకు రాలేదో పోయి కొలిచి చెప్పాలనుకున్న పిల్ల ఆ సమయానికి కంప్యూటర్ ల్యాబులో కూర్చుని ఉంది. రెండో ఏడాది టైంటేబుల్లో డ్రాయింగు క్లాసు లేదు.